మృగశిర పదును

మృగశిర కార్తె వచ్చిన మూడోనాడు, సోమవారం సాయంత్రం, తెల్లగుట్టపల్లె మీద వాన పడింది. ముందు పడమటి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. దాని వెనకే చినుకులు వచ్చాయి. పెద్ద ఈరన్న గోనెసంచి మూల మడిచి తల మీద వేసుకుని తన చేని మధ్యలో నిలబడ్డాడు. కాలి బొటనవేలు నేలలోకి గుచ్చి చూశాడు. సులువుగా దిగింది.

"ఈరన్నా, లోపలికి రా. తడుస్తావు." గుడారంలో నుంచి దావీదురాజు పిలిచాడు.

"తడవనీ సార్. ఇన్నాళ్ళకు వచ్చిండాది."

చేను నాలుగెకరాలు, తూర్పు పడమరలుగా పొడుగు. దాని రెండు చివరలా మనిషెత్తు వెదురుగడలు వరసగా పాతి, వాటి మధ్య రాగితీగలు లాగి ఉన్నాయి. ఒక్కొక్క చివర నుంచి ఒక నల్లటి లావుపాటి తీగ నేలలో నాలుగు వేళ్ళ లోతున చేని నడుమ ఉన్న గుడారం దాకా వచ్చింది. మే నెల ఎండలో ఆ గాడి తవ్వింది ఈరన్నే. గడ్డపార వేస్తే ఎగిరి పడేటంత గట్టి నేల. అంతకంటే లోతు పోలేదు. తవ్వినప్పటి నుంచి తన చేనికి తానే కాపలాదారు.

గుడారం కర్నూలు నుంచి వచ్చింది. రాజధాని హైదరాబాదుకు పోయాక అక్కడ మిగిలిపోయిన వాటిలో ఒకటి. దావీదురాజుది జమ్మలమడుగు. ముప్పై ఏళ్ళుంటాయి. మద్రాసులో చదువుకుని అక్కడే పరిశోధన చేస్తున్నాడు. మోటారు రోడ్డుకూ కరెంటు తీగలకూ దూరంగా చదునైన నేల కావాలని తాసీల్దారు చేత కాగితం రాయించి తెచ్చాడు. ఊరి పెద్ద నారాయణరెడ్డికి పదెకరాల బీడు ఉంది. అది కాకుండా ఆయన ఈరన్న చేను చూపించాడు. రోహిణి కార్తె వెళ్ళేలోగా ఎత్తేస్తారు లేప్పా అన్నాడు. ఈరన్న వేలిముద్ర వేశాడు. అయితే ఆ మాట ఆయన దావీదురాజును అడిగి అన్నది కాదు. రోహిణి వెళ్ళిపోయింది. గడలు అట్లాగే ఉన్నాయి.

వాన గంటసేపు కురిసి వెలిసింది. ఈరన్న చేత్తో నేల తవ్వి చూశాడు. జానెడు దిగింది. రేపంతా బురదగా ఉంటుంది. ఎల్లుండి ఏరువాక పున్నమి. ఆవలెల్లుండి విత్తడానికి గొర్రు కట్టొచ్చు. ఎర్రనేలలో పదును, విత్తనానికి చాలేటంత తడి, ఆ పైన ఒక్క రోజు నిలుస్తుంది. పడమటి గాలి తిరిగితే అదీ నిలవదు.

మంగళవారం మధ్యాహ్నం దావీదురాజు అతన్ని గుడారంలోకి పిలిచి కాగితం చూపించాడు. యంత్రం ముందు కాగితపు చుట్ట మెల్లగా తిరుగుతోంది. సన్నటి కలం ఒకటి దాని మీద పైకీ కిందికీ ఊగుతూ అలలు గీస్తోంది. ఎండకు సిరా ఆరిపోతూ ఉంటే దావీదురాజు తడిగుడ్డతో కలం మొన అద్దుతున్నాడు.

"ఏంది సార్ ఇది?"

"ఒక నక్షత్రం మోత. తొమ్మిది వందల ఏండ్ల కిందట అది పేలిపోయింది. ఇప్పుడు దాని చుట్టూ కమ్ముకున్న ఆవిరి మాత్రమే ఉండాది. ఆ ఆవిరి చేసే మోత మన చెవికి వినపడదు. ఆ తీగలకు తెలుస్తాది."

"పట్టపగలు నక్షత్రమా?"

"సూర్యుని పక్కనే ఉండాది గనక పగలే. ఏటా ఈ వారం రోజులూ సూర్యుడు దాని దగ్గర నుంచి పోతాడు. సూర్యునికి కూడా చుట్టూ మన కంటికి కనపడని ఆవిరి ఉండాది ఈరన్నా. ఎంత దూరం ఉండాదో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఈ నక్షత్రం ఆ ఆవిరి వెనక్కి పోయేకొద్దీ అలలు చిన్నవైతాయి. ఏ రోజుకారోజు కొలిస్తే సూర్యుని ఆవిరి కొలత దొరుకుతాది. శనివారం మధ్యాహ్నం రెండూ మరీ దగ్గరికి వస్తాయి. ఆ ఒక్క రోజు కోసమే ఇదంతా."

ఈరన్న గుడారం తెర కొద్దిగా పక్కకు తీసి ఎండ వైపు చూసి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి మళ్ళీ దించాడు.

"ఆ ఆవిరి సామి ఒంట్లో నుంచి వచ్చేదేనా?"

"ఆయన దాంట్లో నుంచే. కొంచెం కొంచెం బయటికి పోతాంటాదని కొందరంటారు. ముసలి నక్షత్రాలైతే ఒంటి మీది ఆవిరంతా ఊదేసుకుంటాయంట. పోయినేడే ఒక దొర అట్లాంటి ఎర్ర నక్షత్రాన్ని చూసి రాసినాడు. వాటి మోత పట్టుకునేంత యంత్రం ఇప్పట్లో మన దగ్గర లేదు. ముందు దగ్గరుండే సూర్యుణ్ణి కొలవాల."

"సూర్యనారాయణసామికీ ముసలితనం ఉండాదా?"

"ఉండాది. మనం చూడంలే."

ఈరన్న లెంపలు వేసుకున్నాడు. తరువాత అడిగాడు. "ఆ నక్షత్రం యాడుండాది సార్?"

"వృషభం కొమ్ముల కాడ."

ఈరన్న వేళ్ళ కణుపులు లెక్కపెట్టాడు. "అంటే సూర్యుడు మృగశిరలో ఉంటేనే మీ పని."

"అవును. నీకెట్లా తెలుసు?"

"మృగశిరలో ఉంటేనే మా పని గూడా."

దావీదురాజు నవ్వాడు. కలం మళ్ళీ ఆరిపోతోందని అటు తిరిగాడు. మీ పని ఏమిటని అడగలేదు.

బుధవారం ఏరువాక పున్నమి. ఈరన్నకు ఉన్నది ఒక ఎద్దు. తమ్ముడు చిన్న ఈరన్నకు ఒకటి. రెండూ కలిపి కట్టి ఇద్దరి చేలూ సాగు చేసుకుంటారు. పొద్దున్నే వాటిని వంక నీళ్ళలో కడిగారు. కొమ్ములకు ఎర్రరంగు పూశారు. ఆ పొద్దు ఎద్దులకు కాడి పెట్టరు. చేలో పాతినదేదీ పెరకరు, పెరకాలన్న మాట కూడా నోట రానివ్వరు. ఈరన్న తండ్రి ఆ పొద్దు గడ్డిపోచ కూడా పీకేవాడు కాదు.

చిన్న ఈరన్న గట్టు మీద నిలబడి చేను వంక చూశాడు.

"అన్నా, వెదురు బాగా మొలిచిండాదే. తీగ గూడా పారింది. కోత ఎప్పుడు?"

"నోరు మూసుకోరా. పండగ పూట."

"నోరు మూసుకుంటాలే. రేపు నా చేలో గొర్రు కడతాండా. ఎల్లుండి ఎద్దు నీది. ఆ మీద పదునుండదు, అప్పుడు నన్ననొద్దు."

ఈరన్న పెళ్ళాం గురమ్మ బొబ్బట్లు చేసింది. దావీదురాజును ఇంటికి పిలిచి వసారాలో పీట వేసి పెట్టారు. అతను కళ్ళు మూసుకుని తన దేవుణ్ణి తలుచుకున్నాక తినడం మొదలుపెట్టాడు. గురమ్మకు ఆ పద్ధతి నచ్చింది. ఇంకొకటి వేసింది.

"ఈ పొద్దు ఎద్దులకు పని లేదంట గదా?" అన్నాడు దావీదురాజు. రంగు పూసిన కొమ్ముల వైపు చూస్తున్నాడు. "పండగ ఎన్ని రోజులు?"

"ఈ పొద్దే సార్."

"నా తీగలు మీకేమన్నా అడ్డమా ఈరన్నా? ఉంటే చెప్పు. మొహమాటపడొద్దు."

గురమ్మ చేతిలో గరిటె ఆగింది. మొగుని ముఖం వైపు చూసింది. అడగనే అడిగాడు. ఒక్క మాట చాలు. ఏరువాకనాడు, ఇంటికి వచ్చి ఆకు ముందు కూర్చున్న మనిషితో, చేలో పాతింది పెరుక్కుని పొమ్మని ఎట్లా అనేది?

"ఏం లేదులే సార్. తిను."

గురువారం ఊరంతా చేలల్లో ఉంది. ఈరన్న చేనికి ఉత్తరాన నారాయణరెడ్డి చేను. అక్కడ నాలుగు గొర్రులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆడవాళ్ళు గొర్రు వెంట నడుస్తూ పిడికిట్లో నుంచి కొర్ర గింజలు సన్నగా వదులుతున్నారు. తడిమట్టి వాసన గట్టు దాటి గుడారం దాకా వస్తోంది. ఈరన్న చేను వాలు తూర్పుకు. సాలు వాలుకు అడ్డంగా పడితేనే నీరు నిలుస్తుంది. అడ్డంగా గొర్రు పోతే ప్రతి సాలూ ఆ నల్లతీగ మీద నుంచి పోవాలి; గొర్రు పళ్ళు దిగితే తీగ తెగుతుంది.

నేరుగా పోయి దావీదురాజును అడగడానికి అతనికి దారి కనిపించలేదు. చేను రెడ్డి ద్వారా ఇచ్చాడు. ఆయన్ను దాటి మాట్లాడితే ఊళ్ళో ఉండేదెట్లా? గట్టు దాటి పోయి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా ఈరన్నా?" రెడ్డి గొడుగు కింద నిలబడి గొర్రుల్నే చూస్తున్నాడు.

"పదును పోతాది రెడ్డీ. రోహిణిలోపల ఎత్తేస్తారని అన్నారు. ఆ సారుతో ఒక మాట మీరు చెప్తే…"

"సర్కారు పని కదప్పా. వేలిముద్ర నువ్వే ఏస్తివి."

"ఏస్తిని. మీ బీడు ఉండె గదా అని…"

రెడ్డికి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. "బీడులో గొర్రెలు మేస్తాయి. తీగలు కొరికితే ఎవరిది బాధ్యత? చూడప్పా, వచ్చే ఆరుద్ర కార్తెలో వాన రాకుండా పోతాదా? సరే, నేనే చెప్తాలే రేపు. నువ్వు మాత్రం పోయి ఆయప్పను కదిలించొద్దు. నా మాట పోతాది."

ఈరన్న తిరిగి వచ్చి గుడారం నీడలో కూర్చున్నాడు. మధ్యాహ్నం కలం గీసిన అలలు నిన్నటి కంటే పొట్టిగా ఉన్నాయి. దావీదురాజు స్కేలు పెట్టి ఒక్కొక్క అలనూ కొలుస్తూ తనలో తాను సన్నగా పాడుకుంటున్నాడు. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని ఈరన్న ఈ మధ్య చూడలేదు.

శుక్రవారం పొద్దున పడమటి గాలి తిరిగింది. నారాయణరెడ్డి బండి కట్టించుకుని పత్తికొండకు పోయాడని తెలిసింది. చిన్న ఈరన్న మాట ప్రకారం ఎద్దును తోలుకొచ్చి గట్టు మీద తుమ్మచెట్టుకు కట్టాడు. గొర్రు తెచ్చి పక్కన పడేసి పోయాడు. ఈరన్న గంటకొకసారి చేలోకి పోయి వేలు గుచ్చి, మట్టి తీసి పిడికిలి బిగించి తెరిచి చూశాడు. పొద్దున ముద్ద కట్టింది. మధ్యాహ్నానికి ముద్ద కట్టింది గాని అంచులు రాలాయి. రెడ్డి బండి వస్తుందేమోనని దారి వంక చూశాడు.

పొద్దు వాలుతుండగా కుండలు తీసుకుని బావికి పోయాడు. తిరిగి వచ్చేసరికి గురమ్మ గుడారం దగ్గర నుంచి ఎదురొస్తోంది. తల మీద విత్తనం గంప ఉంది. గింజల మీద చల్లిన పసుపు గాలికి ఆమె నుదుటి మీద పడింది.

"యాడికి పోయినావు?"

"చెప్పొచ్చినా."

"ఎవరికి?"

"ఆ సారుకే. ఎవరికి చెప్తే పనయితాదో ఆయప్పకే చెప్పినా. మాకు ఈ చేనొకటే ఉండాది నాయినా, ఈ పొద్దుతో పదును పోతాది, మీ తీగ కింద మా బువ్వ ఉండాది అన్నాను."

"రెడ్డి వద్దన్నాడే."

"రెడ్డి కొర్రలు మొలుస్తాయి. నీకేం పెడతాడంట?"

"సారు ఏమన్నాడు?"

గురమ్మ గంప దించి చంకన పెట్టుకుంది. "నాకు తెలీదమ్మా అన్నాడు. నాకెవరూ చెప్పలేదమ్మా అని రెండుసార్లు అన్నాడు. ముఖం తెల్లగా పోయింది. పాపం అనిపించింది."

ఈరన్న కుండలు గుడారం ముందు పెట్టాడు. లోపల దావీదురాజు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, ముందు కాగితపు చుట్ట. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "నీళ్ళు పెట్టినా సార్," అని ఈరన్న ఇంటికి వచ్చేశాడు.

శనివారం బారెడు పొద్దెక్కాక ఈరన్న చేనికి వచ్చాడు. గట్టు మీదే ఆగిపోయాడు. చేని నడుమ గాడి పొడవునా మట్టి తిరగదోడి ఉంది. గడ్డపార దెబ్బలకు నాలుగు చోట్ల తెగిన నల్లతీగ చుట్టలు చుట్టి గుడారం పక్కన ఉంది. తూర్పు చివర గడలు సగం పెరికి ఉన్నాయి. దావీదురాజు చొక్కా లేకుండా, బనీను చెమటకు అంటుకుపోయి, గడ్డపారతో ఇంకో గడ కదిలిస్తున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"ఎద్దుల్ని కట్టు ఈరన్నా. ఇంక నా తీగ అడ్డం లేదు. గుడారం కూడా గంటలో తీసేస్తా."

ఈరన్న గట్టు దిగాడు. వంగి, వేలు మొదలంటా నేలలోకి గుచ్చాడు. మట్టి తీసి పిడికిలి బిగించాడు. తెరిచాడు. పొడి వేళ్ళ సందుల్లో నుంచి కారిపోయింది. ఇంకొక చోట తీశాడు. తరువాత పడమటి మూలకు పోయి అక్కడా తీశాడు. గాలి ఆ పొడిని అతని పంచె మీదికి కొట్టింది.

దావీదురాజు గడ్డపార వదిలేసి దగ్గరికి వచ్చాడు. "లేదా?"

"లేదు సార్."

"నిన్న సాయంత్రం తీసుంటే ఉండేదా? నాకు నిన్ననే తెలిసింది. తీయడానికి ఒక రాత్రంతా ఆలోచించినాను ఈరన్నా. ఈ ఒక్క రోజు కోసం రెండేండ్లు పని చేసినా. అందుకని ఆలోచించినా. ఆలోచించకుండా తీసుంటే?"

నిన్న సాయంత్రం తీసి ఉంటే పొద్దుమునిగేలోగా సగం చేనైనా పడేది. ఈరన్నకు అది తెలుసు. ఏరువాకనాడు తాను నోరు విప్పి ఉంటే మొత్తం పడేదనీ తెలుసు. చేతులు దులుపుకున్నాడు.

"ఏమో సార్. చెప్పలేం. నిన్నటికే గాలి తిరిగిండె."

దావీదురాజు గట్టు మీద కూర్చుండిపోయాడు. అవతల చేలో రెడ్డి విత్తిన సాళ్ళు మట్టి కప్పే గుంటక తోలి చదునుగా ఉన్నాయి.

"మీ నక్షత్రం ఎన్ని గంటలకు సార్?"

"పన్నెండుకు."

ఈరన్న ఎండ వైపు చూశాడు. "ఇంకా నాలుగు గంటలుండాది. లెయ్ సార్. మాది ఎట్లాగూ పోయింది. మీదైనా కానిద్దాం."

గురమ్మ సంగటి తెచ్చింది. విషయం విని గంప దించింది, కొంగు నడుముకు చుట్టింది. గడలు పట్టుకుంది. చిన్న ఈరన్న ఎద్దును తీసుకుపోవడానికి వచ్చి, వెక్కిరించబోయి, ఈ ముగ్గురి ముఖాలు చూసి తాను కూడా గడ్డపార అందుకున్నాడు. గాడిలోకి తీగ దించారు. ముక్కలను కలిపేచోట దావీదురాజు కిరోసిన్ పొయ్యి మీద ఇనుపకడ్డీ కాల్చి సీసం కరిగించి అతికాడు. గాలికి కడ్డీ చల్లారిపోతోంది. ఈరన్న దుప్పటి పట్టుకుని గాలికి అడ్డం నిలబడ్డాడు. అయినా దుమ్ము వచ్చి కరిగిన సీసం మీద పడుతోంది. దావీదురాజు గీకి మళ్ళీ పెడుతున్నాడు. నాలుగో అతుకు అయ్యేసరికి పదకొండున్నర.

బ్యాటరీ పెట్టి చూశాడు. తీగలో కరెంటు పారుతోంది. పరుగెత్తి యంత్రం తిప్పాడు. నలుగురూ గుడారంలో నిలబడ్డారు. కాగితం మెల్లగా తిరగసాగింది. కలం మొన దాని మీద ఆనింది.

గీత తిన్నగా వచ్చింది. పన్నెండు అయింది. గీత కదల్లేదు. పన్నెండుంపావు అయింది. బండిచక్రం దారి మీద లాగిన గాడి లాగా తిన్నగా పోతూనే ఉంది. గురమ్మ దేవుడికి దండం పెట్టుకుంటోంది, ఏం జరగాలని పెట్టుకోవాలో తెలియకుండానే.

"అలలు రాలేదే సార్," అన్నాడు ఈరన్న.

"రాకూడదు. ఈ పొద్దు నక్షత్రం పూర్తిగా ఆవిరి వెనక్కి పోతాదనే నేను అనుకున్నా. గీత ఇట్లాగే తిన్నగా రావాలనే."

"అయితే అయినట్టే గదా?"

దావీదురాజు కాగితం మీద వేలు పెట్టాడు గాని గీతను తాకలేదు. "అతుకులు సరిగ్గా పడకపోయినా గీత ఇట్లాగే వస్తాది ఈరన్నా. కరెంటు పారతాంది. నిన్నటి వరకు పారినంతే పారతాందో లేదో చెప్పేదెట్లా? నక్షత్రం మరుగైందో, నా తీగ మోయలేకపోయిందో ఈ కాగితం చెప్పదు."

జేబులో నుంచి పెన్ను తీసి కాగితం అంచున రెండు వరసలు రాశాడు. ఈరన్న ఏం రాశావని అడిగాడు. అతను చదివి వినిపించాడు: తీగ ఉదయం తీసి మళ్ళీ అతకడమైనది. నేటి గీత నమ్మదగినది కాదు.

"అది రాయకుంటే ఏం పోతాది? ఈడుండేది మనం నలుగురం. మేం ఎవరికి చెప్తాం?"

"ఎవరూ చెప్పరులే," అన్నాడు దావీదురాజు. రాసింది మాత్రం కొట్టేయలేదు.

ఆదివారం అలలు కొద్దిగా వచ్చాయి. సోమవారం వంకరగా వచ్చాయి, ఒకటి ఇంత, ఒకటి అంత. ఏది ఆవిరి చేసింది, ఏది అతుకు చేసింది అని తేల్చడానికి దావీదురాజు స్కేలు తీసుకున్నాడు గాని తరువాత పక్కన పెట్టేశాడు. మంగళవారం దాకా ఉండమని మద్రాసు నుంచి ఉత్తరువు. ఉన్నాడు. పాట లేదు.

దేవుడు సూర్యుణ్ణీ ఆ నక్షత్రాన్నీ ఈ వాననూ ఒకే కార్తెలో ఎందుకు పెట్టాడు? ఈరన్న ఆ ప్రశ్న రెండు మూడుసార్లు వేసుకున్నాడు. కోపంతో కాదు. జవాబు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వినాలని ఉంది, అంతే. గురమ్మ విత్తనం గంప తిరిగి అటక మీదికి ఎక్కించింది. ఆరుద్ర మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

సోమవారం సాయంత్రం అతను చేని గట్టు మీద కాపలా కూర్చున్నాడు. రెడ్డి చేలో కొర్ర మొలకెత్తింది. సాలు వెంట సాలు, దువ్వెన పళ్ళలాగా సన్నటి పచ్చటి మొనలు. వాటి మీద గువ్వల గుంపు వాలింది. మొలకలు పీకి అడుగున గింజ ఏరుకుంటున్నాయి. ఈరన్న చేయి దానంతటదే నేల మీదికి పోయింది, మట్టిగడ్డ అందుకుంది, విసిరింది. "హోయ్" అని అరిచాడు. గువ్వలు ఒక్కసారిగా లేచి తిరిగి ఇటు వచ్చాయి, అతని చేలో తీగల మీద వరసగా కూర్చున్నాయి.

రెండో గడ్డ అతని చేతిలో ఉంది. అక్కడ అవి తినేదేమీ లేదు. దాన్ని మెల్లగా పక్కన పెట్టాడు.